గ్యాస్ డ్రింకులతో ఆడుకునే ఫిజిక్స్ ఆట: బుడగ ఎక్కడ పుట్టాలి?

కణం_కోడు (కాజీపేట):

అందరికీ నమస్కారం. నేనూ నా మిత్రుడూ కలిసి మొబైల్ ఫోన్ల కోసం ఒక ఆట తయారు చేస్తున్నాం. ఇందులో గెలుపోటములు, లెవెళ్లు, పాయింట్లు ఉండవు. ఒక బల్ల ఉంటుంది. దాని మీద రకరకాల సీసాలు, గ్లాసులు, గోలీసోడా, కూల్‌డ్రింకులు, ఐసు ముక్కలు, ఉప్పు, మింట్ బిళ్ళలు, ఎండుద్రాక్ష, ఒక స్టవ్వు, ఒక ఫ్రిజ్జు ఉంటాయి. ఆడేవారు దేనిలో ఏది కలిపినా, ఎంత ఊపినా, ఎలా ఒంపినా అభ్యంతరం లేదు. ఏం జరుగుతుందో చూడడమే ఆట. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ మీద పని సాగుతోంది.

ఇప్పుడున్న కోడులో ప్రతి సీసాకూ "జోరు" అనే ఒకే ఒక అంకె ఉంది. ఊపితే ఆ అంకె పెరుగుతుంది, మూత తీస్తే దాన్ని బట్టి నురగ చిమ్ముతుంది. చూడడానికి బాగానే ఉంటుంది కానీ చల్లటి సీసాకూ ఎండలో పెట్టిన సీసాకూ తేడా కనిపించదు, ఒకసారి చిమ్మిన సోడా మళ్లీ ఊపితే అంతే జోరుగా చిమ్ముతుంది. ఈ అంకెను తీసేసి, అసలైన భౌతికశాస్త్రంతో మళ్లీ కట్టాలని మా కోరిక. పదివేల రూపాయల లోపు ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడవాలి కాబట్టి అన్నీ పెట్టలేం. ఏ సూత్రాలు తప్పనిసరి, ఏవి వదిలేయవచ్చు? తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఓరుగల్లు_భౌతికం (హనుమకొండ):

మంచి ప్రయత్నం. నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను కనుక మొదటి సూత్రం నుంచే మొదలుపెడతాను. "జోరు" స్థానంలో మీరు పెట్టుకోవలసినది గ్యాస్ లెక్క. ప్రతి సీసాలో ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంది, అందులో ద్రవంలో కరిగి ఉన్నదెంత, బుడగలుగా ఉన్నదెంత, పైన ఖాళీలో ఉన్నదెంత, బయటికి పోయినదెంత అనే నాలుగు అంకెలు ఎప్పుడు కూడినా మొత్తం మారకూడదు. ఈ ఒక్క నియమం కచ్చితంగా పాటిస్తే మీరు చెప్పిన లోటు దానంతటదే పోతుంది. ఒకసారి చిమ్మిన సోడా రెండోసారి నీరసంగా ఎందుకు ఉంటుందో ఆడేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండవది, 1803లో విలియం హెన్రీ చెప్పిన సూత్రం. ద్రవంలో కరిగే వాయువు పరిమాణం ఆ ద్రవం మీద ఆ వాయువు కలిగించే పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక వాతావరణ పీడనం దగ్గర లీటరు నీటిలో 25 డిగ్రీల వద్ద సుమారు 1.5 గ్రాములు, సున్నా డిగ్రీల దగ్గర 3.3 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర సుమారు ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. కూల్‌డ్రింకులో లీటరుకు 7 గ్రాములు ఉన్నాయనుకోండి. అంత గ్యాస్‌ను లోపల పట్టి ఉంచడానికి ఫ్రిజ్జులో 5 డిగ్రీల దగ్గర వాతావరణ పీడనానికి సుమారు 2.5 రెట్లు, 25 డిగ్రీల దగ్గర సుమారు 4.8 రెట్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 7 రెట్లు పీడనం కావాలి. మే నెలలో మన వరంగల్ ఎండలో నిలిపిన కారులోని సీసా ఎందుకు రాయిలా బిగుసుకుని ఉంటుందో ఈ మూడు అంకెలే చెబుతాయి. మీ ఫ్రిజ్జుకూ స్టవ్వుకూ కావలసిన శాస్త్రం చాలావరకు ఇదే.

ఇంకొక్క లెక్క. 7 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గది ఉష్ణోగ్రత దగ్గర స్వేచ్ఛగా ఉంటే దాదాపు 4 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే లీటరు సీసాలో 4 లీటర్ల వాయువు దాగి ఉంది. నురగ ఎంత రావచ్చు అనే దానికి పై హద్దు అక్కడే దొరుకుతుంది.

గోదావరిఖని_గేమర్:

సార్ చెప్పిన లెక్కలు బాగున్నాయి, కానీ నేను ఆడేవాడి వైపు నుంచి ఒక మాట చెప్పాలి. ఇలాంటి ఆటలు నేను చాలా ఇష్టంగా ఆడతాను. పౌడర్ టాయ్‌లో ఇసుక, నీరు, నిప్పు, ఆమ్లం ఉంటాయి. ఆల్గోడూలో తాళ్లు, చక్రాలు, నీరు ఉంటాయి. ఆ ఆటల గొప్పతనం ఏమిటంటే నియమాలు కొన్నే, వాటి నుంచి పుట్టే సంఘటనలు లెక్కలేనన్ని. ఎక్కడా ఆట ఆగి పాఠం చెప్పదు. మీ ఆటలో ప్రతి సీసా మీదా నాలుగు అంకెలు తేలుతూ ఉంటే అది పరీక్ష హాలులా కనిపిస్తుంది. నురగ ఫౌంటెన్ ఎగరాలి, గ్లాసు పొంగాలి, గోలీ టపీమని పడాలి. అసలైన సూత్రాల వల్ల ఫౌంటెన్ చిన్నదైపోతే ఆడేవాడు పది నిమిషాల్లో ఆటను తీసేస్తాడు.

ఓరుగల్లు_భౌతికం (హనుమకొండ):

తమ్ముడూ, అంకెలు తెర మీద చూపమని నేను అనలేదు. లోపల లెక్క నిజంగా ఉండాలన్నాను. చూడాలనుకున్నవారు సీసాను నొక్కి పట్టుకుంటే కనిపిస్తే చాలు. ఫౌంటెన్ చిన్నదవుతుందనే భయం అక్కరలేదు, లీటరుకు 4 లీటర్ల గ్యాస్ అంటే ఎంత నురగకైనా సరిపోతుంది. మీరు ప్రస్తావించిన రెండు ఆటలూ బాగుండడానికి కారణం మీరే చెప్పారు, అవి తమ నియమాలను తాము ఎక్కడా అతిక్రమించవు.

పరకాల_గోలీసోడా:

మాది గోలీసోడా వృత్తి. మా నాన్నగారి కాలం నుంచి చేస్తున్నాం, ఇప్పటికీ జాతరల సమయంలో గిరాకీ బాగా ఉంటుంది. మీ ఆటలో గోలీసోడా ఉందని చదివి సంతోషం కలిగింది. కాబట్టి ఆ సీసా ఎలా పనిచేస్తుందో వివరంగా రాస్తాను, దాన్ని సరిగ్గా చూపించండి.

సీసా మెడలో లోపలి వైపు ఒక గాడి ఉంటుంది, ఆ గాడిలో రబ్బరు వాషర్ కూర్చుంటుంది. దాని కింద మెడ నొక్కినట్టుగా సన్నబడి ఉంటుంది, గోలీ ఆ పైగదిలోనే తిరుగుతుంది, కిందికి జారి సీసా అడుగుకు పోదు. నింపేటప్పుడు చల్లటి నీళ్లు పోసి, సీసాను మెషిన్ చట్రంలో బిగించి, సిలిండర్ నుంచి గ్యాస్ ఎక్కిస్తూ సీసాను తలకిందులుగా తిప్పుతాం. తలకిందులైనప్పుడు గోలీ జారి వాషర్ మీద కూర్చుంటుంది. గ్యాస్ పట్టు తీసేసిన వెంటనే లోపలి ఒత్తిడి గోలీని వాషర్‌కు అదిమి పట్టుకుంటుంది, ఇక సీసాను ఎటు తిప్పినా ఊడదు. మూత లేదు, బిరడా లేదు, గ్యాసే తనకు తాను తాళం వేసుకుంటుంది. ఈ సీసాకు 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు.

ఇంకో సంగతి గమనించండి. గ్లాసులోకి ఒంపేటప్పుడు సీసా మెడ మీద ఉన్న రెండు నొక్కులను కింది వైపుకు ఉంచి పట్టుకోవాలి. అప్పుడు గోలీ ఆ నొక్కుల దగ్గర ఆగుతుంది, సోడా ధారగా వస్తుంది. నొక్కులు పై వైపుకు ఉంటే గోలీ దొర్లుకుంటూ వచ్చి మళ్లీ మూతి మూసేస్తుంది. కొత్తగా తాగే పిల్లలు సీసా ఎత్తి, ఏమీ రావడం లేదని అడుగుతుంటారు. మీ ఆటలో ఇది ఉంటే చూడాలని నా ఆశ.

నీళ్లు ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత బాగా పడుతుందనేది మా వృత్తిలో అందరికీ తెలుసు. వేసవిలో ఐసు వేసి నీళ్లు చల్లబరచకుండా నింపితే అదే సిలిండర్‌తో తక్కువ సీసాలు వస్తాయి, తాగేవారికి ఘాటూ తగలదు. సార్ చెప్పిన సూత్రమూ ఇదే అనుకుంటాను.

ఓరుగల్లు_భౌతికం (హనుమకొండ):

అవునండీ, సరిగ్గా అదే. మీ సీసాకు ఒక లెక్క చేసి చూపిస్తాను. వాషర్ రంధ్రం వ్యాసం 12 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 1.13 చదరపు సెంటీమీటర్లు. లోపలి పీడనం బయటి కన్నా 3 వాతావరణ పీడనాలు ఎక్కువ అనుకుంటే గోలీ మీద సుమారు 34 న్యూటన్ల బలం పనిచేస్తుంది. అంటే మూడున్నర కిలోల బరువు ఆనినట్టు. బొటనవేలితో గట్టిగా నొక్కితేనే గోలీ దిగడానికి కారణం ఇది. అందుకని ఆటలో వేలు ఎంతసేపు నొక్కారనే దాన్ని కాకుండా, ఎంత బలం వేశారనే దాన్ని లెక్కించాలి. సీసా చల్లగా ఉంటే గోలీ సులువుగా దిగాలి, వేడిగా ఉంటే మొరాయించాలి. దీనికి విడిగా కోడు రాయనవసరం లేదు, పీడనం లెక్క ఉంటే చాలు.

రసాయన_దీపిక (కరీంనగర్):

ఇప్పటివరకు చెప్పినదంతా సరైనదే, కానీ శీర్షికలోని ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. బుడగ ఎక్కడ పుట్టాలి? ఆట నిజాయతీ అంతా అక్కడే తేలుతుందని నా అభిప్రాయం.

మూత తీశాక ద్రవంలో ఉండవలసిన దానికన్నా ఎక్కువ గ్యాస్ ఉంటుంది, కానీ అది ఎక్కడపడితే అక్కడ బుడగ కాలేదు. చిన్న బుడగను తలతన్యత, అంటే ద్రవం ఉపరితలం సాగదీసిన పొరలా ముడుచుకునే గుణం, నాలుగు వైపుల నుంచీ నొక్కుతుంది. ఆ అదనపు పీడనం తలతన్యతకు రెట్టింపు, భాగించు వ్యాసార్థం. నీటిలో ఒక మైక్రోమీటరు వ్యాసార్థం ఉన్న బుడగకు ఇది సుమారు 1.4 వాతావరణ పీడనాలు. వ్యాసార్థం పదో వంతుకు తగ్గితే పీడనం పది రెట్లవుతుంది. కాబట్టి శూన్యం నుంచి మొదలయ్యే బుడగ పుట్టకముందే నలిగిపోతుంది. ఇప్పటికే కాస్త గాలి చిక్కుకుని ఉన్న గుంటలో, గీతలో, నూలుపోగు లోపలి సన్నటి గొట్టంలో అయితే ఆ అవరోధం ఉండదు. గ్లాసులో ఒకే చోటు నుంచి దారంలా బుడగలు రావడం మీరు చూసే ఉంటారు. ఆ దారం మొదలు దగ్గర దాదాపు ఎప్పుడూ ఒక దుమ్ము పోగో, గీతో ఉంటుంది. ఫ్రాన్స్‌లోని రీమ్స్ విశ్వవిద్యాలయంలో జెరార్ లిజె-బెలెర్ షాంపేన్ గ్లాసుల్లో ఈ పోగులను సూక్ష్మదర్శినితో చూపించారు.

ఇప్పుడు ఉష్ణోగ్రత దగ్గరికి రండి. సార్ ఇచ్చిన అంకెల ప్రకారం 25 డిగ్రీల దగ్గర మూత తీస్తే అదనంగా మిగిలే పీడనం 3.8 వాతావరణాలు. అప్పుడు 0.4 మైక్రోమీటర్ల గుంట కూడా బుడగను పెంచగలదు. 5 డిగ్రీల దగ్గర అదనపు పీడనం 1.5 మాత్రమే, కాబట్టి కనీసం ఒక మైక్రోమీటరు గుంట కావాలి. అంటే అదే సీసాలో, అదే గోడ మీద, వేడిగా ఉన్నప్పుడు ఎన్నో రెట్లు ఎక్కువ గుంటలు మేల్కొంటాయి. చల్లటి సోడా నెమ్మదిగా పొంగడానికీ వెచ్చటి సోడా ఎగజిమ్మడానికీ ఇది ముఖ్యమైన కారణం.

కోలాలో మింట్ బిళ్ళలు వేస్తే ఎగసే ఫౌంటెన్ కూడా ఇదే. అది ఆమ్లానికీ క్షారానికీ జరిగే చర్య అని చాలామంది రాస్తుంటారు. 2008లో అమెరికాలోని అపలాచియన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో టోన్యా కాఫీ తన విద్యార్థులతో కలిసి పరీక్షించి చూస్తే ఫౌంటెన్‌కు ముందూ తరువాతా పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే అంకె) మారలేదు. బిళ్ళ గరుకుదనం, దాని పూతలోని తుమ్మజిగురు జాతి పదార్థం, డైట్ డ్రింకులో తలతన్యతను తగ్గించే తీపి పదార్థం, ద్రవం ఉష్ణోగ్రత, వీటన్నిటి ప్రభావమూ వారికి కనిపించింది. బిళ్ళ ఎంత వేగంగా మునుగుతుందనేది కూడా ముఖ్యమే. అడుగుకు చేరిన బిళ్ళ నుంచి లేచిన బుడగ పైకి వచ్చే దారంతా గ్యాస్‌ను తాగుతూ పెరుగుతుంది. బిళ్ళను పొడి చేస్తే ఉపరితలం పెరిగినా, పొడి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ఫౌంటెన్ తగ్గింది. మీ ఆటలో ఈ తేడా చూపగలిగితే పెద్ద విజయం.

వంటసోడా, వెనిగర్ కలిపితే వచ్చే నురగ మాత్రం అసలైన రసాయన చర్య. అక్కడ గ్యాస్ కొత్తగా తయారవుతుంది. ఈ రెండింటినీ ఒకే కోడుతో నడపకండి.

కణం_కోడు (కాజీపేట):

మేడం, ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు, ధన్యవాదాలు. నాకు అర్థమైనది ఇది. ప్రతి ఘన పదార్థానికీ, అంటే గాజుకు, ప్లాస్టిక్‌కు, బిళ్ళకు, ఉప్పు రవ్వకు, ఎండుద్రాక్షకు, ఏ పరిమాణం గుంటలు ఎన్ని ఉన్నాయో ఒక పట్టిక ఇస్తాం. ప్రతి క్షణం ఆ చోట ఉన్న గ్యాస్‌నూ ఉష్ణోగ్రతనూ బట్టి కనీస గుంట పరిమాణం లెక్కిస్తాం, అంతకన్నా పెద్ద గుంటలన్నీ బుడగలు వదులుతాయి. బిళ్ళ కోసం ప్రత్యేక కోడు ఉండదు, దానికి గుంటలు ఎక్కువ, అంతే.

నా ఇబ్బంది ద్రవాన్ని నడపడం దగ్గర ఉంది. ద్రవాన్ని చిన్న చిన్న కణాలుగా నడపాలా, తెరను గడులుగా విడదీసి ఒక్కో గడిలో లెక్కించాలా?

రామప్ప_రెండర్ (హైదరాబాద్, సొంతూరు ములుగు):

నేను గ్రాఫిక్స్ పనిలో ఉన్నాను కాబట్టి దీనికి నేను జవాబు చెబుతాను. ఎస్‌పీహెచ్ అనే కణాల పద్ధతి 1977లో ఖగోళశాస్త్రం కోసం పుట్టింది, తరువాత ఆటల్లోకి వచ్చింది. ప్రతి కణమూ తన పొరుగు కణాలను వెతుక్కోవాలి, అందుకే కణాల సంఖ్య పెరిగేకొద్దీ చవక ఫోన్ వేడెక్కి ఆట నత్తనడక పడుతుంది. గడుల పద్ధతిలో జోస్ స్టామ్ 1999లో చూపిన విధానం లెక్కకూ లెక్కకూ మధ్య ఎంత పెద్ద కాలపు అడుగు వేసినా లెక్క పేలిపోకుండా నిలబడుతుంది, కాకపోతే సుడులు నిజంలో కన్నా త్వరగా సద్దుమణుగుతాయి. సోడా ఆటకు అది పెద్ద లోపం కాదు.

నేనైతే తెరను 160 అడ్డగడులు, 240 నిలువుగడులుగా విడదీస్తాను. మొత్తం 38,400 గడులు. ఒక్కో గడిలో నాలుగు అంకెలు చాలు: ద్రవం ఎంత, కరిగిన గ్యాస్ ఎంత, బుడగల ఘనపరిమాణం ఎంత, ఉష్ణోగ్రత ఎంత. సన్నటి బుడగలను విడివిడిగా గీయకండి, గడిలో బుడగల శాతం పెరిగేకొద్దీ రంగు తెల్లబడితే కంటికి నురగలాగే ఉంటుంది. పెద్ద బుడగలు కొన్నింటినే కణాలుగా వదలండి. అవి తాము దాటే గడిలో నుంచి గ్యాస్ తీసుకుని పెరగాలి, తీసుకున్నంత ఆ గడిలో తగ్గాలి. గోడో మామూలుగా సెకనుకు 60 సార్లు భౌతిక లెక్క చేస్తుంది. ఒక్క అడుగులో గడిలో ఉన్న గ్యాస్ కన్నా ఎక్కువ బయటికి తీస్తే అంకె సున్నా కిందికి పోయి లేని గ్యాస్ పుట్టుకొస్తుంది, తీసే ముందు ఆ హద్దు చూసుకోండి. సార్ చెప్పిన గ్యాస్ మొత్తాన్ని ప్రతి సెకనుకూ లాగ్‌లో రాయించండి. అది కదిలితే ఎక్కడో లెక్క తప్పినట్టే.

మూసిన సీసా పైభాగంలో ఉన్న ఖాళీకి ఒకే పీడనం పెట్టండి. మూత తీయగానే ఆ ఖాళీ బయటి గాలితో కలిసిపోతుంది. ఇక్కడ ఒక విషయం చాలా ఆటల్లో తారుమారుగా కనిపిస్తుంది. 300 మిల్లీలీటర్ల సీసాలో పైన 15 మిల్లీలీటర్ల ఖాళీ ఉందనుకుందాం. 4.8 రెట్ల పీడనంలో ఉన్న ఆ గ్యాస్ బయటికి వస్తే 72 మిల్లీలీటర్లు, అది బుస్సుమని క్షణంలో పోతుంది. ద్రవంలో కరిగి ఉన్నది మాత్రం లీటరుకు పైగా. నీటిని పైకి తోసేది ఆ ద్రవం లోపల పుట్టే బుడగలే తప్ప పైనున్న గ్యాస్ కాదు. కాబట్టి మూత తీసిన వెంటనే ధార చిమ్మకూడదు. ముందు బుస్సు, ఆ తరువాత పొంగు.

మంచిర్యాల_నాన్న:

నాకు ఈ శాస్త్రం తెలియదు, మా అమ్మాయి ఏడో తరగతి, ఈ చర్చను ఇద్దరం కలిసి చదువుతున్నాం. ఆమె అడిగిన ప్రశ్న ఇది. ఊపితే సీసాలో గ్యాస్ పెరగదు కదా, మరి ఎందుకు చిమ్ముతుంది? ఊపిన కూల్‌డ్రింకు డబ్బాను వేలితో తట్టి తెరిస్తే పొంగదని వాళ్ల స్నేహితులు అంటున్నారట, అది నిజమేనా?

రసాయన_దీపిక (కరీంనగర్):

మీ అమ్మాయి సరైన చోట వేలు పెట్టింది. చాలాసేపు కదలకుండా ఉన్న సీసాను ఊపితే లోపలి పీడనం చెప్పుకోదగ్గంత మారదు. మారేది ఒక్కటే: పైనున్న గ్యాస్ చిన్న చిన్న బుడగలుగా విరిగి ద్రవమంతా చెదిరిపోతుంది. నేను ముందు చెప్పిన గుంటల పనిని ఇప్పుడు ఆ బుడగలు చేస్తాయి. మూత తీయగానే అవన్నీ ఒకేసారి ఉబ్బి, తమ పైనున్న ద్రవాన్ని బయటికి నెడతాయి.

తెరవకుండా కాసేపు ఆగితే ఆ బుడగలు పైకి తేలిపోతాయి. 50 మైక్రోమీటర్ల వ్యాసార్థం ఉన్న బుడగ నీటిలో సెకనుకు 5 మిల్లీమీటర్లు ఎక్కుతుంది, 20 సెంటీమీటర్ల సీసాకు నిమిషం లోపే పడుతుంది. 10 మైక్రోమీటర్ల బుడగకు అదే దూరం పావుగంట. తట్టడం గురించి డెన్మార్క్ పరిశోధకులు 2019లో వెయ్యికి పైగా బీరు డబ్బాలతో పరీక్ష చేశారు, తట్టినవాటికీ తట్టనివాటికీ తేడా కనిపించలేదు. కొంతమందికి తట్టడం పనిచేసినట్టు అనిపించడానికి కారణం తట్టే సమయంలో గడిచిన కాలమే కావచ్చు. ఆటలో ఊపడానికి విడిగా అంకె అక్కరలేదు, ఊపితే పై ఖాళీలోని గ్యాస్‌లో కొంత భాగం ద్రవపు గడుల్లోకి బుడగలుగా చేరితే చాలు. మీ అమ్మాయి ఆటలో తట్టి చూసి, తట్టకుండా ఆగి చూసి, తనే తేల్చుకోగలుగుతుంది.

జగిత్యాల_టీచర్:

నేను ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం చెబుతాను. ఇంతసేపు ఆనందంగా చదివాను, కానీ మొదటి పోస్టులో స్టవ్వు అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మూత బిగించిన గాజు సీసాను స్టవ్వు మీద పెట్టడం ఆటలో సరదాగా ఉంటే ఆ సాయంత్రమే వంటింట్లో ఎవరో ఒకరు చేసి చూస్తారు. ఎవరైనా డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, కూడా పెట్టమని అడుగుతారని నా అనుమానం. అది మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఘనం నుంచి నేరుగా వాయువవుతుంది, కిలో డ్రై ఐస్ నుంచి సుమారు 550 లీటర్ల గ్యాస్ వస్తుంది, మూసిన సీసాలో వేస్తే అది బాంబే. దయచేసి ఈ రెండూ తీసేయండి.

గోదావరిఖని_గేమర్:

మేడం, డ్రై ఐస్ అడగాలనుకున్నది నేనే. కానీ నాది వేరే వాదన. ఆటలో ఒక పని చేయనివ్వకపోతే అది ప్రమాదమని ఎవరికీ తెలియదు, ఆట తయారుచేసినవారికి చేతకాలేదని అనుకుంటారు. చేయనిచ్చి, ఫలితం నిజంగా ఎంత భయంకరమో చూపిస్తే పిల్లలు వంటింట్లో దాని జోలికి పోరు.

పరకాల_గోలీసోడా:

ఈ విషయంలో నేను టీచరమ్మ గారి పక్షం. గ్యాస్ ఎక్కించేటప్పుడు సీసా పగిలి చేతులకు, ముఖానికి గాయాలైనవారిని మా వృత్తిలో అందరూ చూసే ఉంటారు. అందుకే మెషిన్ మీద సీసాకు ఇనుప కవచం ఉంటుంది, దాన్ని మూయకుండా గ్యాస్ తిప్పం. పాత సీసాను నింపే ముందు వెలుతురుకు ఎత్తి పట్టుకుని గీతలు, బీటలు ఉన్నాయేమో వేలితో తడిమి చూస్తాం. ఒక్క వెంట్రుక బీట ఉన్నా ఆ సీసాను పక్కన పెట్టేస్తాం. గాజు పగలడం తెరమీద అందంగా కనిపిస్తే ఆ భయం పిల్లలకు అందదు.

ఓరుగల్లు_భౌతికం (హనుమకొండ):

ఇద్దరి మాటలోనూ బలం ఉంది, కానీ నేను టీచర్ గారి వైపే మొగ్గుతాను. డ్రై ఐస్ లేకపోయినా ఈ ఆటకు లోటు లేదు, దాన్ని వదిలేయండి. వేడి విషయంలో స్టవ్వుకు బదులు వేడినీళ్ల గిన్నె పెట్టండి, నీళ్లు 50 డిగ్రీలు దాటకుండా చూడండి. మేడం చెప్పిన గుంటల సంగతి, పీడనం పెరగడం, గోలీ మొరాయించడం అన్నీ 5 నుంచి 50 డిగ్రీల మధ్యనే కనిపిస్తాయి. గాజు సీసా తన హద్దుకు చేరుతున్నప్పుడు పీడనం ముల్లు ఎర్రగా మారి, ఆట ఆ సీసాను తానే చల్లటి నీళ్లలోకి దించాలి.

ప్లాస్టిక్ సీసా అడుగును కూడా మరిచిపోకండి. పీడనాన్ని అన్నివైపులా సమానంగా మోయడానికి గుండ్రటి అడుగు మంచిది, కానీ అది నిలబడదు. అందుకే ఆ గుండ్రటి అడుగు నుంచే ఐదు కాళ్లు బయటికి తీసినట్టు చేస్తారు. నీళ్ల సీసాల అడుగు అలా ఉండదు, వాటిలో ఒత్తిడి ఉండదు కదా. ఆటలో నీళ్ల సీసాలో సోడా నింపితే అడుగు ఉబ్బి సీసా ఒరిగిపోతే పిల్లలకు ఆ ఆకారం దేనికో తెలిసిపోతుంది, పైగా ప్రమాదం కూడా లేదు.

జగిత్యాల_టీచర్:

వేడినీళ్ల గిన్నె నాకు పూర్తిగా సమ్మతమే. ఎండుద్రాక్షను మాత్రం తప్పకుండా ఉంచండి. తరగతిలో నేను గాజు గ్లాసులో సోడా పోసి నాలుగు ఎండుద్రాక్షలు వేస్తాను. అవి మునుగుతాయి, ముడతల్లో బుడగలు పట్టుకుంటాయి, తేలుతాయి, పైన బుడగలు చిట్లగానే ఒక పక్కకు దొర్లి మళ్లీ మునుగుతాయి. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి వచ్చి చూసే ప్రయోగం ఇది. ద్రాక్ష ఒక్కటే కాకుండా పెసరగింజ, కందిగింజ, శనగపప్పు కూడా పెడితే ఏది ఎగురుతుందో, ఏది అడుగునే ఉండిపోతుందో పిల్లలు ముందే ఊహించి చూసుకోవచ్చు.

కణం_కోడు (కాజీపేట):

డ్రై ఐస్ ఉండదు, స్టవ్వు ఈ రోజే తీసేశాను, వేడినీళ్ల గిన్నె పెడుతున్నాను. గడుల పద్ధతితో మొదటి నమూనా నడుస్తోంది. గ్యాస్ మొత్తం కదలడం లేదు. ముందు బుస్సు, తరువాత పొంగు కూడా కనిపిస్తున్నాయి.

ఒక్కటి మాత్రం సరిగ్గా లేదు. ఉత్త సోడాలోనూ కోలాలోనూ నురగ ఒకేలా నిలబడుతోంది. ఇంకో ప్రశ్న సోడా అన్నకు. నిమ్మసోడాలో ఉప్పు వేస్తే అంతగా పొంగుతుంది కదా, మీరు గ్లాసు పొర్లకుండా ఎలా చేస్తారు? అదే పని ఆడేవారితో చేయించాలని ఉంది.

రసాయన_దీపిక (కరీంనగర్):

మొదటిదానికి: నురగ పుట్టడం వేరు, నిలబడడం వేరు. ఉత్త సోడాలో బుడగ గోడను పట్టి ఉంచే పదార్థం ఏదీ లేదు, పైకి రాగానే చిట్లుతుంది. కోలాలో ఉన్న ఇతర పదార్థాలు ఆ పలచటి గోడను కాసేపు నిలబెడతాయి. ప్రతి ద్రవానికీ బుడగ ఆయుష్షు అని ఒక అంకె ఇవ్వండి, సోడాకు చాలా తక్కువ, కోలాకు కొంత ఎక్కువ. ఉప్పు విషయంలో రవ్వల మీది గుంటలతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ఉప్పు కరిగిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ ద్రావణీయత తగ్గుతుంది, కాబట్టి రవ్వ కరిగిపోయాక కూడా కొంత గ్యాస్ బయటికి వస్తూనే ఉంటుంది.

పరకాల_గోలీసోడా:

తమ్ముడూ, ఉప్పును మేము పొడిగా సోడాలో వేయం. గ్లాసులో ముందు నిమ్మరసం పిండి, ఉప్పు వేసి, చెంచాతో పూర్తిగా కరిగేదాకా తిప్పుతాం. అప్పుడు రవ్వ ఉండదు. తరువాత గ్లాసును పక్కకు వంచి గోడ వెంబడి సోడాను నెమ్మదిగా పోస్తాం, సగం అయ్యాక ఒక్క క్షణం ఆపి నురగ దిగనిచ్చి మిగతా సగం పోస్తాం. గ్లాసు తడిగా ఉంటే పొంగు ఇంకా తక్కువ, పొడిగుడ్డతో తుడిచిన గ్లాసులో ఎక్కువ. ఎందుకో మేడం చెప్పాలి.

రసాయన_దీపిక (కరీంనగర్):

తడి గ్లాసులో చాలా గుంటల్లోకి నీళ్లు ముందే చేరి ఉంటాయి, వాటిలో గాలి చిక్కుకోదు. పొడిగుడ్డ తుడిచినప్పుడు గాజు మీద నూలుపోగులు మిగిల్చిపోతుంది, ఒక్కో పోగూ ఒక్కో బుడగల దారానికి మొదలు. కణం_కోడు గారు, మీ బల్ల మీద ఒక నూలుగుడ్డను కూడా పెట్టండి. గ్లాసును దానితో తుడిస్తే గుంటల పట్టికలో కొన్ని పోగులు చేరాలి, నీళ్లతో కడిగితే అవి పోవాలి.

కణం_కోడు (కాజీపేట):

గుడ్డ చేరుస్తున్నాను. గ్లాసుకు తడి, పొడి అని రెండు స్థితులు కూడా ఇస్తున్నాను. వచ్చే నమూనా ఫైలును ఇక్కడే పెడతాను. సోడా అన్న, గోలీ సీసా నొక్కుల కొలతలు మీ దగ్గర ఉన్న పాత సీసాను చూసి పంపగలరా? ఇప్పటి నమూనాలో ఎటు పట్టుకుని ఒంపినా గోలీ మూతికే వస్తోంది.

పరకాల_గోలీసోడా:

రేపు పొద్దున సీసా పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెడతాను. వాషర్ ఒకటి కొత్తది, ఒకటి అరిగినది కూడా తీస్తాను. అరిగిన వాషర్ ఉన్న సీసాలో రాత్రికి రాత్రి గ్యాస్ సగానికి దిగుతుంది, అది కూడా మీ లెక్కలోకి రావాలి.